మైకు మాస్టారి మౌనవ్రతం

లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టుకున్న పేరు మైకు. ఆ సంగతి చెవిన పడినప్పుడు అతను కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. గొంతంటే అదీ మరి! వెనక బెంచీలో కునికేవాడు ఉలిక్కిపడి లేవాలి, వరండాలో నడిచేవాడు దారి మార్చుకోవాలి, పక్క గదిలో వాళ్ళకి కూడా ఊరికే నాలుగు లెక్కలు వచ్చెయ్యాలి. పాఠం చెప్పడమంటే ఇదేనని అతని నమ్మకం. వయసు చూస్తే ఇంకా పెళ్లి కావలసిన కుర్రాడే గానీ, నమ్మకాలు మాత్రం రిటైరయ్యే వయసువి.

ఆ నమ్మకానికి అడ్డు చెప్పే నాథుడు స్కూల్లో ఎవరూ లేకపోయారు, కొత్త బయాలజీ మేడం వచ్చేదాకా.

ఆమె గదికీ ఇతని గదికీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. ప్రిన్సిపాల్ గారు ఒక హాలుకి అడ్డంగా నాలుగు చెక్కలు కొట్టించి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టుకున్నారు. ఆ చెక్కకి ఇవతల మన మాస్టారు బోర్డు మీద సమీకరణం రాసి, "ఇప్పుడేం చెయ్యాలి? ఎక్స్‌ని ఇటు తేవాలి! ఇటు తెస్తే ఏమవుతుంది? మైనస్ అవుతుంది! ఎందుకవుతుంది? నేను చెప్తా!" అంటూ తనే అడిగి, తనే చెప్పి, తనే ఆనందిస్తూ ఉండగా ఎవరో తలుపు తట్టారు.

"ఎక్స్‌క్యూజ్ మీ సార్. మీ పాఠం చాలా బావుంది," అంది గుమ్మంలో నిలబడ్డ కొత్త మేడం.

"థాంక్యూ మేడం!" అన్నాడు మాస్టారు, కాలరు సర్దుకుంటూ.

"మా క్లాసు మొత్తానికి అర్థమైపోయింది. గుండెకి గదులెన్ని అని అడిగితే ఒకడు లేచి, ఎక్స్‌ని ఇటు తెస్తే చెప్తానంటున్నాడు. మీరు మధ్యలో కాస్త ఊపిరి తీసుకుంటే, ఆ సందులో నేను రక్తప్రసరణ చెప్పేసుకుంటాను."

పదో తరగతి మొత్తం డెస్కుల కిందికి తలలు దించేసి నవ్వింది. మాస్టారి ముఖం ఎర్రబడింది.

"క్లాసన్నాక సౌండుంటుంది మేడం. సౌండు లేకపోతే దాన్ని లైబ్రరీ అంటారు."

"సౌండు లేదని ఎవరన్నారు సార్? బోలెడుంది. కాకపోతే మొత్తం మీదే. పొద్దుట్నుంచీ పిల్లల్లో ఒక్కడైనా నోరు తెరిచాడా?"

"తెరవకపోవడమేంటి?"

"అవున్లెండి, తెరిచుంటారు. ఆవలింతలొస్తాయిగా," అని ఆమె తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి మాస్టారికి ఆ మేడం మీద ఒక కన్ను. అంటే కోపంతోనే లెండి, ఇంకోలా అనుకోకండి. తీరిక దొరికినప్పుడల్లా వరండాలో నీళ్ళు తాగే మిషతో ఆమె గది కిటికీ దగ్గర ఆగేవాడు. లోపల జరిగేది చూస్తే అతనికి ఒళ్ళు మండిపోయేది. పిల్లలు లోపలికి వచ్చేసరికే బోర్డు మీద ఒక ప్రశ్న రాసి ఉంటుంది. మేడం "సైలెన్స్!" అని అరవదు, బల్ల గుద్దదు. చెయ్యెత్తి ఊరికే నిలబడుతుంది. నిలబడితే గోల ఆగుతుందా? ఆగేది, అదే కదా మంట! ఎవడైనా మాట్లాడుతుంటే పాఠం ఆపకుండానే నడుచుకుంటూ వెళ్ళి వాడి పక్కన ఆగేది. వాడంతట వాడే ఆగిపోయేవాడు. ఇక ప్రశ్న అడిగిందంటే, బస్సు కోసం చూస్తున్నట్టు తాపీగా ఎదురుచూసేది. కాసేపటికి పిల్లలకే మొహమాటమేసి ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేవాళ్ళు.

"ఆవిడది పాఠం కాదండీ, మూకాభినయం," అని స్టాఫ్‌రూమ్‌లో ప్రకటించాడు మాస్టారు. "ప్రశ్న అడిగి చేతులు కట్టుకుని నిలబడ్డానికి జీతమెందుకు? ఆ మాత్రం బీరువా కూడా నిలబడుతుంది."

"బీరువా చూసి పిల్లలు ఆలోచిస్తారంటే బీరువాకే ఇప్పించండి సార్ జీతం," అంది మేడం, దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తకుండానే. పక్కనున్న వాళ్ళు టీ గ్లాసులు మూతికి అడ్డం పెట్టుకున్నారు.

ఇలా యుద్ధం మంచి రసపట్టులో ఉండగా, ఒక సోమవారం పొద్దున మాస్టారు క్లాసులోకి వెళ్ళి నోరు తెరిస్తే, లోపల్నుంచి తుప్పు పట్టిన గేటు తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది. రెండోసారి తెరిస్తే అదీ రాలేదు.

అక్క మొగుడు గొంతు డాక్టరు కావడం అందరికీ అదృష్టమే, మన మాస్టారికి తప్ప. బావ అతని గొంతులోకి ఒక గొట్టం దింపి, లైటు వేసి, చాలాసేపు చూసి, పరమానందంగా తలెత్తాడు.

"నోరు మూసుకో."

మాస్టారు కళ్ళెర్రజేశాడు.

"తిట్టు కాదురా, ట్రీట్‌మెంటు. స్వరతంత్రుల మీద కాయలు కాసేశాయి. మా పెళ్లైన దగ్గర్నుంచీ నీకు ఈ ఒక్క మాట చెబుదామని ఎంతగా అనుకున్నానో! ఇన్నాళ్ళకి చీటీ మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా వేసే భాగ్యం కలిగింది."

"పోనీ గుసగుసగా మాట్లాడొచ్చా?" అని అడిగింది అక్క, తమ్ముడి తరఫున.

"అది ఇంకా చేటు. నెల్లాళ్ళు ఒక్క మాట కూడా వద్దు. వినలేదనుకో, ఆపరేషన్. ఆ తర్వాత ఆ గొంతు మళ్ళీ క్లాసుకి పనికొస్తుందని నేను పూచీ ఇవ్వను."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు బావ నవ్వలేదు. అప్పుడు భయమేసింది మాస్టారికి.

అసలు దెబ్బ మర్నాడు పడింది. "మాట్లాడని మనిషికి పదో తరగతి ఎలా అప్పగిస్తానండీ? మీరు సెలవు పెట్టెయ్యండి, ఎవరినో ఒక సబ్‌స్టిట్యూట్‌ని తెచ్చుకుంటాను," అన్నారు ప్రిన్సిపాల్ గారు స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ. ఎనిమిదో తరగతి నుంచీ తను పెంచుకొచ్చిన పిల్లలు. పరీక్షలు దగ్గరపడుతున్న సమయం. వాళ్ళని తీసుకెళ్ళి ముక్కూముఖం తెలియని వాడి చేతిలో పెట్టాలట! మాస్టారికి దుఃఖం ముంచుకొచ్చింది. వాదించడానికి గొంతు లేదు. ఉన్నన్నాళ్ళూ అవసరం లేని చోటల్లా వాడి పారేశాడు మరి.

"ఒక్క వారం టైమివ్వండి సార్. మాట్లాడకుండా క్లాసు ఎలా నడపాలో నేను చూపిస్తాను," అన్న గొంతు బయాలజీ మేడంది.

ప్రిన్సిపాల్ గారు వింతగా చూశారు. మాస్టారు అంతకంటే వింతగా చూశాడు.

"స్వార్థం సార్," అంది ఆమె. "వచ్చే సబ్‌స్టిట్యూట్ గొంతు ఇంతకంటే పెద్దదైతే నేనెక్కడికి పోను?"

సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక ఖాళీ క్లాసులో శిక్షణ మొదలైంది. మేడం మొదటి బెంచీలో విద్యార్థిలా కూర్చుంది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని నోరు కుట్టేసుకుని నిలబడ్డాడు. బోర్డు మీద ఒక లెక్క రాశాడు. రాసి, ఆ చేత్తోనే కింద జవాబు కూడా రాసేశాడు.

"ప్రశ్న రాశారు, సంతోషం. జవాబు కూడా మీరే రాశారు. ఇంక మేమెందుకు వచ్చినట్టు సార్, ఫ్యాను గాలికా?"

మాస్టారు నాలిక్కరుచుకుని జవాబు చెరిపేశాడు.

"మీకు గొంతు పోవడం ఇప్పుడొచ్చిన జబ్బు. అడిగిన ప్రశ్నకి మీరే జవాబు చెప్పుకోవడం పాత జబ్బు. దానికి మీ బావగారి దగ్గర కూడా మందుండదు," అంది ఆమె. "ప్రశ్న అడిగాక లోపల పది దాకా లెక్కపెట్టండి. లెక్కల మాస్టారేగా, ఆ మాత్రం వస్తుందిగా? ఆ పది అయ్యేలోగా నోరూ కదలకూడదు, చెయ్యీ కదలకూడదు. పిల్లల ముఖం వైపే చూడాలి. మీరు తొందరపడితే, సార్ ఎలాగూ చెప్పేస్తాడుగా అని వాళ్ళు బుర్రలు ఇంట్లో పెట్టి వస్తారు."

ప్రమాదం అక్కడే జరిగింది. పది లెక్కపెట్టేంతసేపు నోరు మూసుకుని ఒక మనిషి ముఖం వైపు చూడడం మాస్టారు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేసిన పని కాదు. మూడు దగ్గర ఆమె కనుబొమ ఒకటి కాస్త పైకి ఉందని కనిపెట్టాడు. ఆరు దగ్గర నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. ఎనిమిది తర్వాత ఏ అంకె వస్తుందో లెక్కల్లో గోల్డ్ మెడలిస్టుకి గుర్తు రాలేదు.

"సార్, పదయ్యుంటుంది," అంది మేడం. "మీ పద్ధతిలో పది అంటే వందా ఏమిటి?"

పదో తరగతి పిల్లలు మొదటి రోజు పండగ చేసుకుందామని వచ్చారు. మైకు పోయిందన్న వార్త వాళ్ళకి ముందే తెలుసు. వచ్చి చూస్తే బోర్డు మీద ప్రశ్న సిద్ధంగా ఉంది. మాస్టారు చెయ్యెత్తి నిలబడ్డాడు. లోపల చెమటలు పడుతున్నాయి గానీ పైకి మాత్రం కొండలా ఉన్నాడు. గోల చేసే ఇద్దరి పక్కకి నడిచి వెళ్ళి ఆగాడు. వాళ్ళు పుస్తకాలు తెరిచారు. పక్కవాడితో మాట్లాడుకుని జవాబు తేల్చండని బోర్డు మీద రాస్తే, మాట్లాడమన్నాక మాట్లాడడానికి పిల్లలే తడబడ్డారు. జవాబులు రఫ్ కాగితాల మీద రాయించి అందరిచేతా ఒకేసారి పైకి ఎత్తించాడు. సగం తప్పులు! అతనికి గుండె ఆగినంత పనైంది. తను అరిచి అరిచి చెప్పిన పాఠమే అది.

వాటిలో ఒక తప్పు లెక్కని బోర్డు మీదికెక్కించి, సుద్దముక్క పిల్లల వైపు చాపాడు. పది లెక్కపెట్టాడు. మళ్ళీ పది. చివరికి కిటికీ పక్క కూర్చునే ఒక పిల్ల లేచి వచ్చి, ఎక్కడ జారిందో గీత గీసి చూపించి, స్పష్టంగా, నింపాదిగా మొత్తం వివరించింది. ఇన్నేళ్ళుగా తన క్లాసులో కూర్చుంటున్న ఆ పిల్లకి గొంతంటూ ఒకటి ఉందని మాస్టారికి ఆ రోజే తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే బోలెడు సంతోషం కూడా కలిగింది.

వారం తిరక్కుండానే ప్రిన్సిపాల్ గారు క్లాసు చూసి వెళ్ళి, సబ్‌స్టిట్యూట్ మాట మళ్ళీ ఎత్తలేదు. అభివృద్ధి అంతా తన ప్లైవుడ్ వల్లేనని ఇన్‌స్పెక్టర్‌కి చెప్పుకున్నారని వినికిడి.

సాయంత్రాలు బస్టాపు దాకా ఇద్దరూ కలిసి నడవడం అలవాటైంది. ఆమె మాట్లాడేది, మాస్టారు తలూపేవాడు. చినుకులు పడితే ఒకే గొడుగు. తన గొడుగు మర్చిపోయానని మాస్టారు రోజూ సైగ చేసేవాడు, సంచిలోంచి దాని పిడి బయటికి కనిపిస్తున్నా సరే. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. అలా వినీ వినీ అతనికి చాలా సంగతులు తెలిశాయి. వాళ్ళ నాన్న డ్రైవింగ్ స్కూలు నడుపుతాడనీ, తను ఇక్కడ చేరింది సెలవులో ఉన్న మేడం స్థానంలోననీ, ఆవిడ తిరిగి వస్తే తను వెళ్ళిపోవాలనీ, ఊరి అవతల ఇంకో స్కూలు వాళ్ళు రమ్మంటున్నారనీ. వెళ్ళిపోవాలన్న మాట దగ్గర మాస్టారి తల ఊగడం ఆగిపోయింది.

"అడ్డు రాకుండా నా మాట మొత్తం విన్న మగాడు మీరొక్కరే సార్," అంది ఆమె ఒక సాయంత్రం. "డాక్టరు చీటీ వల్లే అనుకోండి. అయినా బావుంది."

ఆ రాత్రి చెప్పడానికి బోలెడన్ని మాటలు పోగుచేసుకుని, బావకి మెసేజ్ పెట్టాడు మాస్టారు. ఇంకో వారం మూసుకో అని జవాబు వచ్చింది.

వారం గడిచింది. బావ గొట్టం దింపి చూసి, "ఇంక మాట్లాడచ్చు. మెల్లగా, అవసరమైనంత," అన్నాడు. ఆ రెండు షరతులూ మాస్టారు ఆసుపత్రి మెట్ల మీదే వదిలేసి, ఎగురుకుంటూ స్కూలుకి వచ్చాడు. వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ పిలిపించారు. సెలవులో ఉన్న మేడం రాజీనామా చేసిందట.

"ఆ పోస్టు మీకే పర్మనెంట్ చేద్దామనుకుంటున్నానమ్మా. ఏమంటారు, ఉంటారా?" అని అడిగారు ప్రిన్సిపాల్ గారు మేడంని.

ఆమె ముఖం వెలిగింది. చెప్పడానికి ఊపిరి తీసుకుంది.

"ఉంటారు సార్!" అంది మైకు. "ఎందుకుండరు? ఊరి అవతలి స్కూలు దూరం కూడానూ! ఆర్డర్ టైపు చేయించెయ్యండి, ఆవిడ సంగతి నాకు తెలుసుగా!"

నెల్లాళ్ళ నిశ్శబ్దం తర్వాత ఆ గొంతు గది నాలుగు మూలలా మోగింది. ప్రిన్సిపాల్ గారు పెన్ను తీశారు. మేడం ముఖంలో దీపం ఆరిపోయింది.

"ఉండను సార్. ఊరి అవతల స్కూల్లోనే చేరతాను," అని చెప్పి బయటికి నడిచింది.

మాస్టారు వరండాలో పరుగెత్తి పట్టుకున్నాడు. "అదేంటి మేడం? మీరు ఉందామనే అనుకున్నారుగా?"

"అనుకున్నాను."

"మరి నేను చెప్పింది కరెక్టేగా!"

"కరెక్టే. మండుతున్నది అందుకే. నా జవాబు నా నోట్లో ఉండగానే లాగేసుకున్నారు మీరు. నెల్లాళ్ళు విన్నారని మురిసిపోయాను. వినడం కాదు, జబ్బు తగ్గేదాకా ఆగారంతే. రేప్పొద్దున ఇంట్లోనూ ఇంతేనా? నాకు ఆకలేస్తోందో లేదో కూడా మీరే చెప్పేస్తారా?"

ఇంట్లో అన్న మాట దగ్గర బుద్ధున్నవాడెవడైనా ఆగేవాడు. మన మాస్టారు ఆగలేదు. "అలా కాదు మేడం, నేను చెప్తా వినండి," అన్నాడు. ఆమె వినకుండా వెళ్ళిపోయింది.

"నోరు తెరిచిన రోజే ఇంత ఘనకార్యం చేశావా! ఈసారి కుట్లే వేస్తాను," అన్నాడు బావ ఆ సాయంత్రం. అక్క మాత్రం తమ్ముడి ముఖం చూసి నవ్వలేకపోయింది.

"ఆ అమ్మాయంటే ఇష్టమేనట్రా?"

"ప్రాణం అక్కా," అన్నాడు మాస్టారు. ఆ గొంతులోంచి అంత చిన్న మాట రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అయితే వెళ్ళి అడుగు. చెప్పకు, అడుగు."

అడగాలని వారమంతా తిరిగాడు. ఆమె ఎదురుపడితే తప్పుకుపోయింది. ప్లైవుడ్‌కి అవతల ఆమె గొంతు వినిపిస్తుంటే, ఇవతల తన క్లాసులో పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే, అతను సుద్దముక్క పట్టుకుని ఆ చెక్క వైపు చూస్తూ ఉండిపోయేవాడు. అలా ఆమె ఆఖరి రోజు కూడా వచ్చేసింది. సాయంత్రం కుండపోతగా వాన. గేటు ముందు డ్రైవింగ్ స్కూలు కారు ఆగింది, నెత్తి మీద పెద్ద బోర్డుతో. మేడం ఎక్కి తలుపు వేసుకుంది. మాస్టారు గొడుగు కూడా లేకుండా పరుగెత్తుకెళ్ళి అద్దం మీద కొట్టాడు. ఈసారి నిజంగానే మర్చిపోయాడు లెండి.

ముందు సీట్లోంచి వాళ్ళ నాన్న అద్దం దించాడు. "ఎక్కదలుచుకుంటే తొందరగా ఎక్కు బాబూ. ఈవిడకి ఆపడం నిన్ననే వచ్చింది. ఎక్కువసేపు ఆపి ఉంచడం ఇంకా రాలేదు."

ఈవిడంటే స్టీరింగు దగ్గర ఊపిరి బిగబట్టి కూర్చున్న ఒక పెద్దావిడ. మాస్టారు వెనక సీట్లో మేడం పక్కన, నీళ్ళు కారుకుంటూ కూలబడ్డాడు. కారు రెండు గెంతులు గెంతి కదిలింది.

"ఏదో చెబుదామని వచ్చుంటారు," అంది మేడం కిటికీలోంచి బయటికి చూస్తూ. "నా తరఫు జవాబు కూడా తెచ్చుకునే ఉంటారు."

"తేలేదు."

ఆమె తల తిప్పింది. "నేను ఆ స్కూల్లో ఎందుకు చేరుతున్నానో తెలుసా?"

"తెలుసనుకున్నాను. కోపంతో అనుకున్నాను. ఇప్పుడు తెలీదు."

"నాకు మీరంటే ఇష్టమో కాదో తెలుసా?"

కారు కీచుమని ఆగింది. బ్రేకు నొక్కింది పెద్దావిడ కాదు, పక్క సీట్లో తన కాలి కింద రెండో బ్రేకున్న నాన్న.

"తెలీదు," అన్నాడు మాస్టారు. "అది తెలీకే వారం నుంచీ నిద్ర లేదు. ఉందనుకుంటే భయం, లేదనుకుంటే ఇంకా భయం. ఏం చెప్పాలో బోలెడు అనుకుని వచ్చాను, ఒక్కటీ పనికొచ్చేది కాదు. మీరే చెప్పాలి మేడం."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. మాస్టారికి నాలుక చివర మాటలు ముసురుకుంటున్నాయి. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకుని, ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పమ్మా తల్లీ, నాకు గేరు పడట్లేదు," అంది పెద్దావిడ.

"ఉద్యోగం అక్కడే చేస్తాను," అంది మేడం. "కోపంలో అన్నా, ఆలోచించే ఖాయం చేసుకున్నాను. ఆ మాట మారదు."

మాస్టారు నోరు తెరిచాడు. మూశాడు. "సరే," అన్నాడు. బాధగానే అన్నాడు, అయినా పూర్తిగా అన్నాడు.

ఆమె అతన్ని కాసేపు పరీక్షగా చూసింది. కనుబొమ ఒకటి కాస్త పైకి లేచింది.

"సాయంత్రం బడి అయ్యాక ఎవరింటికి రావాలో మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు."

"మా ఇంటికి వస్తారా?" అన్నాడు మాస్టారు గబగబా. "అంటే, పెళ్లి చేసుకుని. అడుగుతున్నానంతే, చెప్పడం లేదు."

"వస్తాను," అంది ఆమె. అనేసి, తడిసిన అతని చెయ్యి పట్టుకుంది.

ముందు సీట్లో నాన్న గొంతు సవరించుకున్నాడు.

"బావుంది. కన్న తండ్రిని పక్కనే పెట్టుకుని, నన్నొక మాట ఎవరైనా అడుగుతారా?"

"నిన్నేంటి నాన్నా అడిగేది? నువ్వు ఒప్పుకున్నావు. మీ ఇంట్లో ఎప్పుడు కలుద్దామండీ అని వాళ్ళ అక్కగారిని అడుగుతావు. నీ సంగతి నాకు తెలీదా?" అంది మేడం.

నాన్న వెనక్కి తిరిగి అల్లుడు కాబోయేవాడి ముఖంలోకి చూశాడు. అల్లుడు కాబోయేవాడు ఆమె ముఖంలోకి చూశాడు. అనడానికి ఒక మంచి మాట, ఎవరి జవాబు వాళ్ళ నోటే రావాలని ఆమె దగ్గరే నేర్చుకున్న మాట, గొంతు దాకా వచ్చింది. పది దాకా లెక్కపెట్టి, దాన్ని మింగేశాడు.